బొందలగడ్డ కాడికి రాని గోడ

పొద్దున మా వాగు గట్టు కోత చూడనీకి ఇంజనీరు సారు వచ్చిండు. పోయిన వానకాలం మా వాడ బొందలగడ్డ సగం వాగుల కలిసిపోయింది. మా నాయనమ్మ సమాధి ఇప్పుడు అంచు మీద ఉంది. ఇంకో వరదొస్తే అదీ పోతది. అందుకే వాడంతా కూలికి పోకుండ గట్టు మీదికి పోయినం.

సారు రాతి గోడ కోసం సున్నంతో గీత గీయించిండు. ఆ గీత ఎగువనున్న ఫాంహౌస్ కాడ మొదలై, దాని ప్రహరీ అయిపోయిన కాడనే ఆగింది. అక్కడ గోడ కడితే వరద మళ్లి నేరుగా మా బొందలగడ్డనే కోస్తది. అసలు వాగు బఫర్‌ల అంటే గట్టెంబడి ఖాళీగ ఇడవాల్సిన జాగల, ఇల్లే కట్టొద్దని నియమం. నియమం తప్పినోనికి సర్కారు గోడ!

"మరి బొందలగడ్డ సంగతేంది సార్?" అని అడిగిన.

"ఇండ్లు లేవు, పంట లేదు. నష్టమేం లేదు తమ్మీ."

నేను ఎగిరే లోపల మా పెద్దమ్మ ముందలికొచ్చింది. "నష్టం లేదా? మీ అమ్మను యాడ పెట్టినవ్ బిడ్డా?"

"మేం కాలుస్తం పెద్దమ్మా. అస్థికలు మేమే నదిల కలుపుతం," అని సారు నవ్విండు.

"మీవోళ్లను మీరు మొక్కి కలుపుతరు. మావోళ్లను వాగు పెరుక్కపోతుంది. రెండూ ఒకటేనా?"

సారు జీపెక్కిండు.

సోమవారం కలెక్టరాఫీసుల ప్రజావాణికి అర్జీ పట్టుకొని పోతున్నం. నాకు కోపం ఎక్కువ అనేటోళ్లు జర చెప్పండి, మీ పెద్దోళ్లున్న జాగను గిట్ల "నష్టమేం లేదు" అంటే మీరైతే నవ్వుకుంట ఇంటికొస్తరా?