నాయిన దిగిన మగ్గం గుంట

రెండు నెలల కిందట ఒక గురువారం మా కోడలు నన్ను నీలం నగర్‌లో ఒక హాలుకు తీసుకుపోయింది. అప్పటికి నా భార్య పోయి ఎనిమిది నెలలైంది. ఆమె పోయిననాటినుంచి నా కుడి భుజం పైకి లేవలేదు. డాక్టరు ఎక్స్‌రే తీయించి ఎముకలో ఏ లోపమూ లేదన్నాడు. దుఃఖం ఒంట్లో గడ్డకట్టిన వాళ్లకు కాళ్లూ చేతులూ కదిలించి మనసును కుదుటపరిచే తరగతి ఒకటి అక్కడ నడుస్తోందని కోడలు ఎవరి దగ్గరో విన్నదట. నాలో దుఃఖం గడ్డకట్టిందని ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. నేనైతే చెప్పలేదు. ఇస్త్రీ ధోవతి కట్టుకుని, తెల్ల టోపీ సవరించుకుని, పెళ్లి సంబంధం మాట్లాడటానికి పోతున్నవాడిలా పోయాను.

హాల్లో పదిహేనుమంది దాకా ఉన్నారు. ఎక్కువమంది బీడీలు చుట్టే ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు పవర్‌లూమ్ పని మానేసిన మగవాళ్లు. నేర్పే అమ్మాయికి నా మనుమరాలి ఈడు ఉంటుంది. మీ ఒంటికి బాగా అలవాటైన కదలిక ఏదైతే అదే చేయండి, ఏడుపొస్తే ఆపుకోకండి అని సగం మరాఠీలో, సగం మన భాషలో చెప్పింది. ఆడవాళ్ల వేళ్లు గాలిలోనే ఆకులు చుట్టసాగాయి. ఒకాయన తెగిన పోగును ముడివేస్తున్నట్టు వేళ్లు కదిపాడు. నేను మాత్రం రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని నిటారుగా నిలబడ్డాను, ఎందుకంటే నా ఒంటికి తెలిసింది అదొక్కటే: ఇతరులు పని చేస్తుంటే నిలబడి చూడటం.

అప్పుడు కనిపించింది ఆమె, కిటికీ పక్కన కుర్చీలో. కళ్లు మూసుకుని, ఒక పాదం తర్వాత ఒక పాదం నేలకు నొక్కుతూ, కుడిచేత్తో కనిపించని మగ్గం మీద నాడెను ఆడించే తాడు లాగుతూ ఉంది. చెంపల మీద నీళ్లు కారుతున్నా ముఖం తేటగా ఉంది. ఆమె కొడుకు పోయి రెండేళ్లు కూడా కాలేదట. అంత దుఃఖం ఉన్న మనిషి అంత హాయిగా ఎట్లా ఏడుస్తుందని నాకు ఒళ్లు మండింది. ఆ మంట నాకు కొత్తది కాదు. తొమ్మిదేళ్ల వయసులో ఈమె మీదే ఒకసారి మండింది.

మన ఈడు వాళ్లకు దాజీ పేట్‌లోని మా మగ్గాల కార్ఖానా గుర్తుండే ఉంటుంది. మా తాత కరీంనగర్ పక్కనుంచి ఈ మరాఠీ ఊరికి వచ్చి, గుంట తవ్వి ఒక్క మగ్గం వేసుకుని, అందులో కాళ్లు దించుకుని నేసినవాడే. కానీ మగ్గాలు నలభై అయ్యాక మా నాయనమ్మ ఇంట్లో ఒక కట్టు పెట్టింది. మన వంశంలో ఇక ఎవరి పాదమూ మగ్గం గుంటలోకి దిగకూడదు. నేసేవాళ్లూ మా కులం వాళ్లే, మా చుట్టరికాలే, అయినా వాళ్లు గుంటలో, మేము గట్టు మీద. అమ్మ జ్వరంతో పోయినప్పుడు కూడా నేను ఏడవకుండా నిటారుగా నిలబడ్డానని, సావుకారి బిడ్డ అంటే ఇట్లా ఉండాలని నాయనమ్మ పదిమందిలో మెచ్చుకుంది. ఆ మెప్పు నా వీపుకు అతుక్కుపోయింది.

నాయిన మాత్రం కూలిపోయాడు. అన్నం ముట్టలేదు, మాట్లాడలేదు, సావుకారి గద్దె మీద కూర్చుని చేతులకేసి చూసుకునేవాడు. మా కార్ఖానాలో అందరికంటే పెద్ద నేతగాడు, నేను కాక అని పిలిచేవాణ్ణి, ఒక పొద్దున నాయిన చేయి పట్టుకుని, తన పక్కన ఖాళీగా ఉన్న మగ్గం దగ్గరికి తీసుకుపోయాడు. నాయిన చెప్పులు విడిచి గుంటలోకి కాళ్లు దించాడు. ఆ రోజు నుంచి నాయనమ్మ పూజలో ఉండే గంటసేపూ రెండు మగ్గాలూ ఒకే లయలో ఆడేవి. కాక బిడ్డ, ఆ హాల్లో కిటికీ పక్కన కనిపించిన ఈమే, ఇద్దరి మధ్యా కూర్చుని నూలు కండెలు చుట్టి అందించేది. కాళ్లు తొక్కుతుండగా నాయిన కళ్లు ధారగా కారేవి, తర్వాత లేచి వచ్చి అన్నం తినేవాడు. నెల తిరిగేసరికి మనిషి అయ్యాడు. ఇదంతా నేను గడపలో నిలబడి చూశాను. లోపలికి పోతే కట్టు తప్పినట్టని పోలేదు.

ఒక పొద్దున ఆ పిల్ల ఏదో అన్నది, నాయిన నవ్వాడు. అమ్మ పోయాక అదే మొదటి నవ్వు. అది నాకు దక్కవలసింది, ఆ కండెలు చుట్టే పిల్లకు దక్కింది. నేను నేరుగా పూజగదికి పోయి, నాయిన గుంటలో కూర్చుని నేస్తున్నాడని నాయనమ్మకు చెప్పేశాను.

ఆ సాయంత్రానికే రెండు బండ్ల మట్టి వచ్చింది. మగ్గం విప్పేశారు, గుంట పూడ్చేశారు. నాయిన పక్కనే నిలబడి చూశాడు. మళ్లీ గద్దె ఎక్కి, ఇంకా పదమూడేళ్లు అక్కడే కూర్చున్నాడు, చేతులకేసి చూసుకుంటూ. కార్ఖానా ఆయన కళ్ల ముందే ఒక్కొక్క మగ్గంగా చేజారింది. పవర్‌లూములు వచ్చి మా ఇంటిని ముంచాయని నేను జీవితమంతా అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. అందులో అబద్ధం లేదు, పూర్తి నిజమూ లేదు.

తరగతి అయ్యాక ఆమె నా దగ్గరికి వచ్చింది. చిన్నప్పుడు చినసావుకారి అనేది, ఇప్పుడు అన్నా అన్నది. నా చేతులు ఇంకా వీపు వెనకే ఉన్నాయి.

“గట్లనే నిలవడేటోనివి, దర్వాజల,” అన్నది. “నువ్వే చెప్పినవని మా నాయినకు ఎరుకే అన్నా.”

మీ నాయిన నన్ను తిట్టుకోలేదా అని అడిగాను.

“ఎందుకు తిడ్తడు? తప్పు నాదే అన్నడు. పోరనికి గావాల్సింది వాళ్ల నాయిన పక్కకు కూసునుడే, నేను వాణ్ణి గూడ పిలువకపోతి అని సచ్చేదాంక అనుకున్నడు.” తర్వాత పక్కనున్న కుర్చీని కాలితో నా వైపు జరిపింది. “ఇప్పుడన్న కూసో.”

కూర్చున్నాను. కుడి కాలు, ఎడమ కాలు అని ఆమె చెబుతుంటే తొక్కాను. తప్పులు తొక్కాను. నీకు కాళ్లున్నయా కట్టెలున్నయా అని ఆమె నవ్వింది. నాయినను నవ్వించిన నోరు అదే కదా అనుకున్నాను, కానీ లేవలేదు. ఎప్పుడు ఏడ్చానో నాకు తెలియదు. కోడలు వచ్చి నా చేతిలో రుమాలు పెట్టినప్పుడు తెలిసింది.

మొన్న కావాలనే దాజీ పేట్ మీదుగా నడిచి వచ్చాను. మా కార్ఖానా ఉన్నచోట ఇప్పుడు టైల్స్ దుకాణం ఉంది, నేల అద్దంలా మెరుస్తోంది. పక్క సందులో పవర్‌లూములు ఆడుతున్నాయి, వాటికి మనిషి పాదంతో పని లేదు. ఆ రోజుల్లో మన ఇళ్లలో దుఃఖం వచ్చినవాడు పోయి కాళ్లు దించుకోవడానికి మూరెడు లోతు చోటు ఒకటి ఉండేది, పక్కన ఇంకొకరి కాళ్లు ఆడుతూ ఉండేవి. ఇప్పుడు దానికోసం గురువారం గురువారం హాలుకు పోతున్నాం. నేనూ పోతాను. భుజం కొంచెం లేస్తోంది. అయినా ఆమె పాదాలు నేలను తాకే తీరు చూసినప్పుడల్లా, అవి నాయిన పక్కన కూర్చుని, చూసి నేర్చుకున్నవని గుర్తొచ్చి, ఈ ముసలితనంలో కూడా నాకు అసూయ పుడుతూనే ఉంది.