అది పుస్తకంలో రాయకండమ్మా

మా ఊరి మంచినీళ్ల కమిటీ మీటింగులో ఎదురింటి తాతగారు లేచి, "మళ్లీ ఎన్నికెప్పుడండీ?" అని అడిగారు. ప్రెసిడెంటుగారు కోప్పడలేదు. నవ్వుతూ నావైపు తిరిగి, "అది పుస్తకంలో రాయకండమ్మా" అన్నారు. నా పెన్ను ఆగిపోయింది. నాకు మొదటిసారి భయం వేసింది అప్పుడే. ఆ ప్రశ్న రాయలేదు.

ముమ్మిడివరం దాటాక మా వైపంతా రొయ్యల చెరువులే. నూతులన్నీ ఉప్పెక్కిపోతే, ఆఫీసుల చుట్టూ తిరిగి ఫిల్టరు ప్లాంటు తెచ్చింది ఆయనే. అది అబద్ధం కాదు. మొదటి ఏడాది చీటీల మీద పేర్లు రాసి ఎన్నుకున్నాం. రెండో ఏడు చేతులెత్తమన్నారు. ఎత్తనివాళ్లెవరో ఆయన మనుషులు చూసుకున్నారు. ఈ ఏడు అదీ లేదు.

డిగ్రీ చదివానని తీర్మానాలు నాచేత రాయిస్తారు. ఆ మీటింగు అవగానే, "ముందు సంతకాలెట్టించెయ్యండమ్మా, పైన తర్వాత రాసుకుందాం. ఆడవాళ్లకి వంటలకి లేటయిపోద్ది" అన్నారు. ఎంత మర్యాదో! ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి ఖాళీ పేజీ మీద సంతకాలు పెట్టించింది నేనే. మర్నాడు ఆయన చెబుతుంటే ఆ సంతకాల పైన రాసిందీ నేనే: ఇక ఎన్నిక అక్కర్లేదు, ఎవరికి నీళ్లివ్వాలో ప్రెసిడెంటుగారే నిర్ణయిస్తారు. ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. సిగ్గులేని చెయ్యి.

నిన్న ప్లాంటు దగ్గర తాతగారి నీళ్ల కార్డు పనిచెయ్యలేదు. ఖాళీ టిన్ను పట్టుకుని నిలబడిపోయారు. నా వెనకున్నావిడ, "ఎన్నిక కావాలన్నారు కదండీ బాబాయిగారూ, అదే తాగండి!" అంది. లైనంతా నవ్వింది. తాతగారు నన్ను చూసి, "తీర్మానం చూపించేరమ్మా. ఆయ్, నీ దస్తూరీ బావుంది" అన్నారు.

మస్కట్ నుంచి మా ఆయన ఫోనులో, "నీకెందుకే ఇయ్యన్నీ? పిల్లలున్నారు. మన కార్డూ ఆపేత్తారు" అన్నారు. పిల్లలున్నారనే కదా నా భయం. పిల్లలున్నారనే కదా నా కోపం కూడా.

రాత్రి వాళ్లు పడుకున్నాక తీర్మానాల పుస్తకం తెరిచాను. తాతగారి ప్రశ్న రాశాను. సంతకాలు ముందు, తీర్మానం తర్వాత అని రాశాను. కింద నా సంతకం పెట్టాను.

పొద్దున్న మా పెద్దది, "ఆ తాతగారితో మాట్లాడకూడదంట కదమ్మా?" అంది.

పిల్లలిద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను: "రేపట్నించి మనకీ నీళ్లు ఇవ్వకపోవచ్చు. ఈ టిన్నులో సగం తాతగారికి పోసి రండి. దొడ్డిదారిన కాదు, వీధిలోంచే వెళ్లండి. ఎవరన్నా అడిగితే మా అమ్మ పంపిందని చెప్పండి."