బొబ్బిలిలో ఇచ్చేసి వచ్చిన డోరు

మా బావ ప్రకాశం అంబాసిడర్ కారు నెల్లిమర్లలో మా అక్క ఇంటి పక్క షెడ్డులో ఏడాదిగా కదలకుండా నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్లు ఆ కారునే టాక్సీగా తిప్పి సంసారం నడిపిన మనిషి, చివరిసారి ఆసుపత్రికి మాత్రం ఆటోలో వెళ్లాడు. తిరిగి రాలేదు. ఆయన పోయి ఏడాది నిండే ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. అది అయ్యాక సమాధుల తోటకి ఆ కారులోనే వెళ్లాలని మా రూతక్క పట్టు. "ఎలాగ సేయిస్తావో సేయించరా తమ్ముడా. మీ బావ నడిపిన కారులాగ ఉంటే నాకు సాలు" అంది. నేను లెక్కల మాస్టార్ని. కారు కొత్తదానిలా మెరవాలన్నదే ఆ మాటకి అర్థమని తేల్చేసుకున్నాను.

ఇంజను పనులు విజయనగరంలో అయిపోయాయి. మిగిలింది రేకు పని. డ్రైవరు వైపు ముందు డోరు అడుగున తుప్పు తినేసి చెయ్యి దూరే బొక్క పడింది, ముందు చక్రం మీది రేకు, ఎడమ ఫెండరు, దీపం చుట్టూ పొట్టులా రాలుతోంది. ఈ కార్ల తయారీ ఆగిపోయి చాలా కాలమైంది కాబట్టి షాపుల్లో అడిగితే నవ్వారు. చివరికి ఒకాయన బొబ్బిలిలో సూరి మేస్త్రి పేరు చెప్పాడు. తుక్కుకి వెళ్లే అంబాసిడర్లను కొని భాగాలు విడదీసి దాచే ముసలాయన. ఫోన్ చేస్తే, "పాత డోరు ఇప్పి ఎంట తెచ్చీ బాబూ. కీళ్లు సరిపోయాయో లేదో సూడాల కదా" అన్నాడు.

సోమవారం సెలవు పెట్టి ఉదయం ఆరింటికి బయల్దేరాను. డోరు, ఫెండరు బస్సులో తేలేం కాబట్టి లగేజీ ఆటో మాట్లాడుకున్నాను, రానూపోనూ రెండు వేల ఐదు వందలు. రాత్రి నుంచీ ముసురు వదల్లేదు. పాత డోరును గోనెసంచుల్లో చుట్టి వెనక పడుకోబెడుతూ డ్రైవర్ అప్పలనాయుడు దాని మీద ఒకసారి చెయ్యి వేశాడు. "నా పెళ్లికి ఈ కారే మాస్టారూ. మీ బావ డబ్బులిత్తే పుచ్చుకోనేదు. సదివింపులనుకోరా అన్నాడు." నేను ఊఁ కొట్టి, జేబులో అయస్కాంతం ఉందో లేదో చూసుకున్నాను.

విజయనగరం దాటి గజపతినగరంలో ఇడ్లీ తిన్నాం, ఇద్దరికీ కలిపి డెబ్బై. అక్కడి నుంచి రామభద్రపురం మీదుగా బొబ్బిలి చేరేసరికి తొమ్మిదింపావు. రోడ్డు బాగానే ఉంది, వానకి నెమ్మదిగా వెళ్లాం. బొబ్బిలి దాకా వెళ్లి ఒక్క వీణైనా చూడకుండా తిరిగొచ్చినవాణ్ణి బహుశా నేనొక్కణ్ణే.

మేస్త్రి షెడ్డులోకి అడుగు పెడితే మనసు అదోలా అయింది. గోడకి వరసగా డోర్లు, బానెట్లు, డిక్కీ మూతలు. ఒక డోరు మీద ఇంకా ఏదో ఆఫీసు పేరు సగం చెరిగి ఉంది. పైన రేకుల మీద వాన చప్పుడు తప్ప ఇంకేం లేదు. డెబ్బై దాటిన మేస్త్రి మూడు డోర్లు తీసి నా ముందు ఆనించాడు.

మొదటిది కొత్తగా కొట్టించిన రేకు, నల్లగా నిగనిగలాడుతోంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. "పల్చన. గట్టిగా ఏస్తే సొట్ట పడిపోద్ది" అని ఆయనే పక్కన పెట్టాడు. రెండోది చూడముచ్చటైన తెల్ల రంగు. నేను అయస్కాంతం ఆనిస్తే పైన అతుక్కుంది, కింది సగంలో జారిపడింది. అక్కడ రంగు కింద రేకు లేదు, అంతా పుట్టీ. మూడోది ఎర్ర ప్రైమరుతో, గీతలతో అసహ్యంగా ఉంది, కానీ అయస్కాంతం అంచు నుంచి అంచు దాకా పట్టుకుంది. వేలి కణుపుతో కొడితే అంతటా ఒకే మోత. మా డోరు పక్కన నిలబెడితే కీళ్ల బెజ్జాలు, అద్దం చట్రం అన్నీ కలిశాయి. ఇదే అన్నాను. ఫెండరూ ఇలాగే ఏరాను. రెండూ కలిపి తొమ్మిది వేలు. పాత రేకు ఇచ్చేస్తే ఎనిమిదికి వస్తుందన్నాడు. ఆయన దగ్గర పద్ధతే అది. పాత కార్ల రేకు మందం కాబట్టి, బాగున్నంత మేర కత్తిరించి వేరే బండ్లకి అతుకులేస్తాడు.

మా డోరును బల్ల మీదకెత్తి, అద్దం కింది అంచు మీద వేలు పెట్టి ఆగాడు. అక్కడ జానెడు మేర రంగు పోయి, ప్రైమరు పోయి, ఇనుము నున్నగా వెండిలా తేలి ఉంది.

"ఎవులో గాని డ్రైవరు, మోసెయ్యి ఇక్కడే ఆనించీవోడు."

"మా బావ. ముప్ఫై ఏళ్లు" అన్నాను, కాస్త గర్వంగానే.

"ఉన్నాడా?"

"లేడండీ. పోయాడు."

ఆయన నావైపు చూశాడు. "దీన్ని ఇంటికి పట్టుకెల్తావేటి మరి?"

"ఎందుకండీ, తుప్పు పట్టిన డోరు" అన్నాను. రేకు కత్తెర పెట్టి నా ఎదురుగానే కోశాడు. నేను నిలబడి చూశాను. ఆ మాట రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గేస్తోంది.

పన్నెండింటికి బయల్దేరి మూడు కల్లా నెల్లిమర్ల వచ్చేశాం. అక్క గొడుగు వేసుకుని ఆటో దగ్గరికొచ్చింది. కొత్త డోరు అద్దం అంచు మీద అరచేత్తో మెల్లగా అటూ ఇటూ తడిమింది.

"పాతది ఏదిరా?"

చెప్పాను. వెయ్యి రూపాయలు తగ్గిన సంగతి కూడా చెప్పాను, తెలివితక్కువగా.

"మీ బావ మోసెయ్యి ఉన్నాది కదరా దాని మీద" అంది. గొడుగు మడిచి, వానలోనే లోపలికి వెళ్లిపోయింది.

వెంటనే మేస్త్రికి ఫోన్ చేశాను. "ఆ ముక్కేనా బాబూ? జీపు నేలకి అతికీసి తారు కూడా పూసీసినాను. ఇందాకే పార్వతీపురం ఎల్లిపోనాది" అన్నాడు. "నిన్ను నానడిగినాను కదా బాబూ" అన్నాడు. అడిగాడు. తిట్టడానికి నాకు నేను తప్ప ఎవరూ మిగల్లేదు.

రంగు వేయించాక ఆదివారానికి కారు మెరిసింది. చర్చి దగ్గర అందరూ కొత్త కారులా ఉందన్నారు. అక్క ఎప్పటిలా ముందు ఎడమ సీట్లో కూర్చుంది. కారు నడపడానికి వచ్చిన అప్పలనాయుడు అలవాటు కొద్దీ మోచెయ్యి అద్దం అంచు మీద పెట్టబోయి, అక్కని చూసి తీసేశాడు. సమాధుల తోట దాకా రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉంచాడు. వెనక సీట్లో ఆ ఖాళీ అంచును చూస్తూ నేను కూర్చున్నాను. రేకు మందం, కీళ్లు, బెజ్జాలు, అన్నీ సరిచూసుకున్న మనిషిని. అక్క అడిగింది మాత్రం చూడలేదు. పోయిన మనిషి అరిగించిన జానెడు ఇనుమును ఏ మేస్త్రీ మళ్లీ చేసివ్వలేడు.

మీరూ పాత కారుకి భాగాలు వెతుక్కుంటూ బొబ్బిలి వెళ్తుంటే ఒక్క సలహా. అయస్కాంతం మేస్త్రి దగ్గర కూడా ఉంటుంది, మర్చిపోయినా ఫరవాలేదు. డోరు విప్పే ముందు ఇంట్లో వాళ్లని పిలిచి కారంతా ఒకసారి తడమమనండి. వాళ్ల చెయ్యి ఎక్కడ ఆగితే, ఆ రేకు మార్చకండి.