చిల్లాకు

విడీ ఘర్కుల్ కాలనీలో బీడీలు చుట్టే మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపును ఒక పెద్దక్క చూసుకునేది. కార్ఖానాలో ఆకు ఎప్పుడిస్తారో అందులో పెట్టేది. అక్కరలేని మెసేజ్ వస్తే వేలు కొంగుకు తుడుచుకుని, చిల్లు పడ్డ తునికాకును ఏరేసినట్టే "చిల్లాకు" అంటూ తీసేసేది.

నేను రోజూ పొద్దున్నే దేవుడి బొమ్మ పెట్టేదాన్ని. ఒకనాడు దాన్నీ తీసేసింది. మనసు చివుక్కుమని ఆమె ఇంటికే వెళ్లాను.

"దేవుడు గూడ చిల్లాకేనా అక్కా?"

"గట్లెందుకంటనే? నిన్న ఆకు జల్దీ ఇస్తరని పెట్టిన. మీ దేవుళ్ల కింద వడి కనవడకపాయె. నలుగురు ఆలస్యంగ వోయి ఒట్టి చేతుల్తోని వచ్చిండ్రు. దీపం ఇంట్ల వెట్టు, గ్రూపుల ఆకు ముచ్చట ఉండనీ."

ఆ నలుగురిలో నేనూ ఒకదాన్ని. తల దించుకున్నాను. ఆమె తడిపిన తన ఆకులో సగం చాటలో వేసి నా ముందుకు జరిపింది.

ఇప్పుడామె కుంభారి ఊరికి మారింది, గ్రూపు నాకప్పగించింది. మొన్న ఆమే మల్లన్న బొమ్మ పెట్టింది. మల్లన్నకు దండం పెట్టుకుని, వేలు కొంగుకు తుడుచుకుని తీసేశాను.

వెంటనే అక్క దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది.

"మంచిగ ఏరినవే."