నిన్నటి గోలీ

ముప్పై ఏళ్లుగా ఈ మాట ఎవరితోనూ అనలేదు. ఇంట్లోవాళ్లతో అనలేదు, దేవుడికి దీపం పెట్టినప్పుడూ అనలేదు. మోసీ మోసీ అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పడం తేలిక. మీరు నన్ను ఎప్పుడూ మంచి కోడలని మెచ్చుకోలేదు కదా.

షోలాపూర్ దాజీ పేట్‌లో మాది ఒకటిన్నర గది ఇల్లు. మా ఆయన మగ్గం నేసేవాడు. అత్తమ్మ రాట్నం మీద ఆయనకు నూలు కండెలు చుట్టేది. నేను గడప దగ్గర కూర్చుని బీడీలు చుట్టేదాన్ని. అత్తమ్మకు చూపు మందగించింది గానీ జ్ఞాపకం మాత్రం చురుకు. ఏ పిల్ల ఏ తిథిన పుట్టిందో, ఎవరి పెళ్లిలో పప్పు మాడిందో ఆమెనే అడగాలి. వాడకట్టు మొత్తానికీ ఆమే పంచాంగం.

ఆమెకు షుగర్. రోజూ పొద్దున గూట్లోని డబ్బాలోంచి ఒక గోలీ తీసి నేనే ఇచ్చేదాన్ని. ఒకరోజు బీడీలు అప్పగించే తొందరలో మరిచాను. మా పనిలో నిన్న తక్కువైన కట్టలు ఈ రోజు కట్టి సరిచేస్తాం. గోలీకీ అదే పద్ధతి అనుకున్నాను. మర్నాడు రెండూ కలిపి చేతిలో పెట్టాను. ఆ రోజు ఆషాఢ ఏకాదశి, ఆమె ఉపవాసం. నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

మధ్యాహ్నానికి రాట్నం మీదికి ఒరిగిపోయింది. ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకదు. షుగర్ బాగా పడిపోయిందని దవాఖానాలో గ్లూకోజు ఎక్కించాక సాయంత్రానికి కళ్లు తెరిచింది. ఎన్ని గోలీలు వేశారని డాక్టరు అడిగాడు. ఒకటే ఇచ్చానన్నాను. మరిచిపోయి ఆమే ఇంకోటి వేసుకుందేమో అన్నాను. అంత చప్పున ఆ అబద్ధం నా నోట ఎలా వచ్చింది? భయమా? మంచి కోడలన్న పేరు పోతుందనా?

ఇంటికి వచ్చాక, ఎవరూ లేనప్పుడు, ఆమె మెల్లగా అడిగింది.

“నువ్వే గద బిడ్డా రెండిచ్చినవ్? నిన్నటిది గూడ మింగమంటివి.”

“లేదత్తమ్మా. నేనొకటే ఇచ్చిన. నువ్వే మరిచినవ్.”

మసక కళ్లతో నా ముఖంలోకి చూసింది.

“అట్లనా... అయితే నాకే యాది లేదు గావొచ్చు. నువ్వు పరేశాన్ గాకు బిడ్డా.”

నా తల నిమిరింది. నన్నే ఓదార్చింది.

గోలీలు తప్పుగా ఇవ్వడం తెలియనితనం. ఈ రెండో మాటకు ఏ పేరు పెట్టను? మా ఆయన గోలీల డబ్బా ఆమెకు అందకుండా అటక మీద దాచాడు. మళ్లీ పడిపోతుందని రాట్నం తీసేశాడు. ఎవరేమడిగినా ఆమె ముందు నా వైపు చూసి, “అంతేనా బిడ్డా?” అని అడిగి, అప్పుడు జవాబు చెప్పేది. కడిగిన చేయి ఆరకముందే “నేను తిన్ననా?” అనేది. వయసు వల్లే అన్నారందరూ. కావచ్చు. కానీ తన మీద తనకు మొదటి అనుమానం పుట్టించింది వయసు కాదు, నేను.

ఇంకో నాలుగేళ్లు బతికింది. తల దువ్వాను, ముద్దలు కలిపి పెట్టాను. ప్రేమతోనే చేశాను, నమ్మండి. ఎన్నిసార్లు చెబుదామనుకున్నా చెప్పలేదు. చూడవచ్చిన వాళ్లతో ఆమె, “నా కోడలు లేకుంటే నాకేం యాదికుండది” అని మురిపెంగా చెబుతుంటే తల వంచుకుని బీడీలు చుట్టుకునేదాన్ని.

క్షమించమని అడగను. అడగాల్సిన మనిషి లేదు. ఒక్కసారి పైకి అనాలని ఉంది, అంతే.

అత్తమ్మా, నువ్వేం మరువలేదు. రెండు గోలీలూ నేనే ఇచ్చిన.