పంపు ఆపమన్న మేస్త్రీ

మా పంపు మేస్త్రీ పోయాడు. మంగళవారం పొద్దున కుప్పం నుంచి ఆయన కూతురు ఫోన్ చేసింది. ‘నాయన పోయినాడు సార్. మీకు చెప్పల్లా వద్దా అని శానాసేపు ఆలోచన చేసినా’ అంది. ఆ మాట నాకు తగలాల్సిందే.

పుంగనూరు దగ్గర మా టమాటా గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కడిగే నీళ్లను తోసే పంపు ఉంది. దాని దెబ్బలకు పైపు అదరకుండా పక్కనే డ్యాంపెనర్ అనే ఇనుప సీసా, లోపల గ్యాస్ నింపిన రబ్బరు తిత్తి ఉంటాయి. ఒక్క సీజన్లో ఆ తిత్తి నాలుగుసార్లు చిరిగింది.

మేస్త్రీ తన టీ గ్లాసును పైపు మీద పెట్టి చూసేవాడు. ‘సూడప్పా, టీ వణకతా ఉండాది. గ్యాస్ సాల్లేదు.’

సీసా మీది గేజు ముల్లు సరిగ్గానే చూపిస్తోంది కదా అన్నాడు మేనేజర్.

‘పంపు నడస్తా ఉంటే నీళ్లు తిత్తిని నొక్కుతాయి సార్. ముల్లు సూపించేది నీళ్ల బలమే. పంపు ఆపి, నీళ్లు వదిలి, అప్పుడు సూడల్ల.’

మదనపల్లె మార్కెట్ నుంచి వచ్చిన లారీలు గేటు బయట నిలబడి ఉంటే ఆపేదెవరు? నడుస్తుండగానే గ్యాస్ పట్టించారు. తిత్తి మళ్లీ చిరిగింది. బిగించడంలో మేస్త్రీ లోపమని రిపోర్టు రాసి ఆయన్ని ఇంటికి పంపారు. అది అబద్ధమని నాకు తెలుసు. పని నేర్పింది ఆయనే. అయినా సిగ్గు లేకుండా సంతకం పెట్టాను. ఆయన స్పానర్లు తుడిచి పెట్టెలో పెట్టుకుంటూ, ‘నువ్వన్నా ఆపింటే బాగుండునప్పా’ అన్నాడు, అంతే.

ఆయన వెళ్లాక ఇంకో రెండు తిత్తులు చిరిగాయి. అప్పుడు తప్పు రబ్బరుదట.

కుప్పంలో మట్టి వేసి, మరుసటి రోజు డ్యూటీకి వచ్చాను. గేటు దగ్గర అందరం రెండు నిమిషాలు మౌనంగా నిలబడ్డాం. మేనేజర్ కూడా తల వంచాడు. పంపు మాత్రం ఆపలేదు. ఒళ్లు మండిపోయింది. నేరుగా వెళ్లి స్విచ్ కట్టేసి నీళ్లు వదిలాను. అంతదాకా నిండుగా ఉన్నట్టు చూపించిన ముల్లు అడుక్కు జారిపోయింది.

‘ఎవరు ఆపమన్నారు?’ అని మేనేజర్ అరిచాడు.

‘మేస్త్రీ. తప్పు ఆయనది కాదని ఆ రిపోర్టులో రాయండి. లేదంటే నేనే రాస్తాను’ అన్నాను.

గ్యాస్ నింపి పంపు వేశాను. క్యాంటీన్ నుంచి ఒక టీ తెచ్చి పైపు మీద పెట్టాను. వణకలేదు. షిఫ్టు అయ్యేదాకా అక్కడే ఉంది, పైన మీగడ కట్టి.