శివరాత్రి దాటాక అండమాన్: ఎండ, చెమట, కుళాయి దగ్గర వరుస

సముద్రం చూడాలన్న సరదాతో నేను అండమాన్ వెళ్లలేదు. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, తెల్లటి ఇసుక ఫొటోల కోసం ఈ పేజీ తెరిచినవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. నేను వెళ్లింది మా చెల్లెలు రత్నమ్మ కోసం, ఆమె భర్త రెడ్డెప్ప కోసం. పుంగనూరు దగ్గర, చౌడేపల్లె పక్కన వాళ్లకు కొద్దిగా టమాటా చేను, రెండు పాడి ఆవులు. చేనులో వేసిన బోర్లన్నీ ఎండిపోయాయి. ఇంకో బోరు వేయాలా, చేను అమ్మేసి ఎటైనా పోవాలా అని వాళ్లు తేల్చుకోలేక ఉన్న రోజుల్లో నాగరాజు అనే ఆయన ఊరికి వచ్చాడు. కలికిరి వైపు మనిషి, పోర్ట్‌బ్లెయిర్‌లో చిన్న చిన్న కాంట్రాక్టు పనులు చేసుకుంటాడు. "ఆడ టమాటా కూడా ఓడలో రావాల్సిందేనప్పా. నాకు తెలిసిన నేల కౌలుకు ఉండాది. సుట్టూ నీళ్లే. నువ్వు పండిస్తే ఎత్తుకోని పోయేదానికి జనం కాసుకోని ఉంటారు" అని చెప్పి పోయాడు. చేను అమ్మి ఆ డబ్బుతో ద్వీపంలో కౌలుకు దిగాలా వద్దా అన్నదే ఈ ప్రయాణానికి కారణం. వాళ్లిద్దరికీ హిందీ రాదు, ఓడ తెలియదు. మదనపల్లెలో పాఠాలు చెప్పుకునే నన్ను వెంట రమ్మన్నారు.

నాగరాజు మమ్మల్ని డిసెంబరులో రమ్మన్నాడు, అప్పుడైతే పచ్చగా ఉంటుందట. మా బావ రెడ్డెప్ప ఒప్పుకోలేదు. మా వైపు భూమి కొనాలన్నా, గుత్తకు తీసుకోవాలన్నా శివరాత్రి దాటాకే వెళ్లి చూస్తారు. వానలప్పుడు ఏ నేలయినా బాగానే కనిపిస్తుంది, నీళ్లు అడుగంటే రోజుల్లో దాని అసలు రంగు తెలుస్తుంది. యాత్రల కంపెనీలు 'పొడి కాలం, హాయిగా ఎండలో సేద తీరవచ్చు' అని అమ్ముకునే ఫిబ్రవరి, మార్చి నెలల్నే మా బావ నేల బండారం బయటపడే రోజులని ఎంచుకున్నాడు. ఈ ఒక్క విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. మిగతా అన్నింటిలో ఉంది.

మదనపల్లె నుంచి తెల్లవారి ఆరు గంటల బస్సెక్కాను. ఆ వేళ అక్కడ ఇంకా కొంచెం చలి ఉంటుంది, స్వెట్టర్ వేసుకున్నాను. పుంగనూరులో వాళ్లిద్దరూ ఎక్కారు. రత్నమ్మ చేతిలో రాగిపిండి సంచి, బావ చేతుల్లో రెండు నీళ్ల క్యాన్లు. పలమనేరులో బస్సు మారి కుప్పం వైపు వెళ్తుంటే కండక్టరు ఆ క్యాన్లను కాలితో పక్కకు జరిపాడు.

"ఏందమ్మా ఇవి? ఏ పెండ్లికి?"

"పెండ్లి కాదప్పా, అండమాన్‌కి పోతాండాము" అంది రత్నమ్మ.

"అండమానా! ఆడంతా సముద్రమే కదమ్మా, నీళ్లు మోసకపోతాండారు?"

"నువ్వు సముద్రం తాగుతావా అప్పా?"

బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను కానీ లోపల మండింది. నీళ్లు మోసుకోకుండా ఇల్లు దాటలేని జిల్లాగా మమ్మల్ని తయారు చేసింది ఆకాశం ఒక్కటే కాదు. చెరువుల్లోకి నీళ్లు వచ్చే కాలవలు ఆక్రమించుకున్నవాళ్లు, ఆ ఆక్రమణకు కాగితాలిచ్చినవాళ్లు, ఒకడి బోరు పక్కనే ఇంకొకడి చేత బోరు వేయించి లాభపడినవాళ్లు, అందరూ కలిసి చేసిన పని ఇది. వాళ్లలో ఒక్కడైనా పెట్టెలు సర్దుకుని ద్వీపాలకు పోవలసి వచ్చిందా? నాకు తెలిసి లేదు.

దారి వివరాలు కావలసినవాళ్లకు: మదనపల్లె నుంచి పుంగనూరు గంట లోపు, అక్కడి నుంచి పలమనేరు మీదుగా కుప్పం చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. కుప్పంలో రైలెక్కితే రాత్రికి చెన్నై. చెన్నై నుంచి ఓడలో మూడు రోజులు. అడుగు అంతస్తులో పడుకునే బంకుల టికెట్టు విమానం కంటే ఎంతో చవక, కానీ ఓడ వారానికో పదిరోజులకో ఒకటే ఉంటుంది, ముందే చూసుకోవాలి. ఈ నెలల్లో సముద్రం మహా నెమ్మదిగా ఉంటుంది. అయినా నేను మొదటి రోజంతా వాంతులు చేసుకుంటూ పడుకున్నాను. బావ మాత్రం పైన రెయిలింగ్ పట్టుకుని నిలబడి, తిండికి కూడా దిగి రాలేదు. ఏం చూస్తున్నావని అడిగితే, "ఏం లేదు బావా, ఇన్ని నీళ్లు పెట్టుకోని ఒక మడి కూడా తడపలేదే ఈ సముద్రం అనుకుంటాండాను" అన్నాడు. వాదించే ఓపిక నాకు లేదు.

ఇక వాతావరణం. పోర్ట్‌బ్లెయిర్‌లో దిగినప్పుడు పొద్దున ఎనిమిది. మా ఊళ్లో పదకొండు గంటల ఎండ అప్పుడే కాస్తోంది. అక్కడ సూర్యుడు మనకంటే చాలా ముందే లేస్తాడు, సాయంత్రం ఐదున్నర దాటితే చీకటి పడిపోతుంది. పగటి వేడి అంకెల్లో చూస్తే మన వేసవి ముందు ఏమీ కాదు, ముప్పై డిగ్రీల చుట్టుపక్కలే. కానీ ఆ అంకెను నమ్మి మోసపోవద్దు. గాలి నిండా తడి. మదనపల్లె ఎండ చర్మాన్ని కాలుస్తుంది, నీడలోకి వెళ్తే వదిలేస్తుంది. అక్కడి ఎండ నీడలోకి కూడా మన వెంట వస్తుంది. చెమట పడుతూనే ఉంటుంది, ఆరదు. మా ఇంటి మిద్దె మీద అరగంటలో ఆరే చీర అక్కడ పొద్దున ఉతికితే సాయంత్రానికీ తడిగానే ఉంది. "పొడి కాలమంట! ఈ పొడి కాలాన్ని పిండితే బిందెడు నీళ్లు వస్తాయి" అని రత్నమ్మ ఆ చీరను నా ముఖం మీద విదిలించింది. తెచ్చిన రాగిపిండి రెండో రోజుకే ఉండలు కట్టింది. ఒక సాయంత్రం చెప్పాపెట్టకుండా వాన కూడా పడి పావుగంటలో పోయింది. తెల్లవారుజామున, చీకటి పడ్డాక మాత్రం సముద్రం మీది గాలికి ప్రాణం లేచి వస్తుంది. నీళ్లలో దిగాలనుకునేవాళ్లకు ఇంతకంటే మంచి నెలలు లేవు, అడుగున ఇసుక రేణువులు కూడా కనిపిస్తాయి. నేను దిగలేదు. ఈత రాదు.

బస్టాండు వెనక లాడ్జిలో గది మూడు వందలు. మేనేజరు తమిళాయన, తెలుగు కొంచెం వచ్చు. స్నానాల గదిలో ఒక బకెట్టు నీళ్లు పెట్టి, "ముగ్గురికీ ఇదే సార్, రేపు పైపు వస్తుంది, లేదంటే ఎల్లుండి" అన్నాడు. రత్నమ్మ అలవాటైన పనిలాగా మూడు చెంబులు కొలిచి స్నానం ముగించుకుని వచ్చింది. చుట్టూ సముద్రం ఉన్నా తాగే నీళ్లకు వానే దిక్కని, ఆ వాన నీళ్లు ఈ నెలలకు అడుగంటుతాయని మాకు అప్పుడే తెలిసింది. అదే వీధి చివర ఒక పెద్ద హోటలు గోడ మీద ఈత కొలను బొమ్మ వేసి ఉంది. లోపల నిజంగా కొలను ఉందా, అందులో ఏ నీళ్లున్నాయి అని గేటు దగ్గర అడిగాను. వాచ్‌మన్ నన్ను పంపించేశాడు. అంత దూరం వెళ్లి కూడా, మా ఊళ్లోలాగే నీళ్లున్నవాడి గేటు బయటే నిలబడ్డానే అనిపించి, వాడితో గొడవ పడాలని కూడా అనిపించలేదు.

మరునాడు పొద్దున్నే నాగరాజు వచ్చాడు. బస్సులో గంట ప్రయాణం, ఆ తర్వాత కొంత నడక. కొబ్బరి తోటలు, అరటి, మధ్యలో కొండ వాలు, దాని కింద సముద్రపు పాయను ఆనుకుని చదునుగా, విశాలంగా నేల. దూరం నుంచి చూస్తే నాకే ఆశ పుట్టింది. మా బావ చెప్పులు విప్పి, కింద రాలి ఉన్న కొబ్బరికాయ ఒకటి తీసుకుని, పీచు కొంత లాగేసి అరచేతిలో అడ్డంగా పెట్టుకుని నేలంతా తిరగడం మొదలుపెట్టాడు. మా జిల్లాలో బోరు వేసే ముందు ఇదొక తంతు. కింద నీళ్లుంటే అరచేతిలో కాయ లేచి నిలబడుతుందట. నిలబడిన చోటల్లా బోరు వేసే కదా ఇక్కడిదాకా వచ్చాం!

"బావా, పరువు తీయొద్దు" అన్నాను.

"నువ్వు గమ్మున ఉండు బావా." నాలుగడుగులు వేశాడో లేదో కాయ లేచి నిలబడింది. ఎటు వెళ్లినా నిలబడుతూనే ఉంది.

కొబ్బరి మట్టలు ఏరుకుంటున్న ఒకామె ఇదంతా చూసి పొట్ట పట్టుకుని నవ్వింది. పేరు నరసమ్మ. ఆమె తల్లిదండ్రులు ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డారు. "ఏటి బాబూ, నీలుకోసరం ఎతుకుతున్నావా? కింద సంద్రమే ఉంటే కాయ నిలబడదేటి?" అంది. బావ ముఖం చిన్నబోయింది. నేను గెలిచానన్న తృప్తి నాకు కలగాలి. కలగలేదు. ఎందుకంటే ఆయన కాయ పారేసి వంగి చూస్తున్న నేలను నేనూ చూశాను. గడ్డి మధ్య మధ్యలో సున్నం చల్లినట్టు తెల్లటి పొర. బావ చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేశాడు.

"సౌడు" అన్నాడు.

"సునామీ అప్పుడు కొంచెం నీళ్లెక్కినాయప్పా, అంతే. రెండు వానలు పడితే కడుక్కోని పోతాది" అన్నాడు నాగరాజు. డిసెంబరులో మమ్మల్ని ఎందుకు రమ్మన్నాడో నాకు అర్థమైంది. ఆ మాటే గట్టిగా అన్నాను. నేల చెడిందని తెలిసీ చేను అమ్ముకోమంటావా అని అరిచాను. అప్పుడు మా బావ నాగరాజు మీద కాక నా మీద తిరగబడ్డాడు. "ఊరికే అరస్తావేంది బావా? కడుక్కుపోతాదేమో. అయితే అవుతాది. నీకు నెలయితే జీతం వస్తాది, నువ్వు ఏమన్నా వాదిస్తావు. నాకు ఆడ నీళ్లు లేవు, ఈడ ఉండాయి. ఇంక నేను యాడికి పోవాల?"

జీవితమంతా సభల్లో ప్రశ్నలు వేసేవాణ్ణి నేను. చెట్టు నీడ అనుకున్న చోట కూర్చుని చెమట తుడుచుకున్నాను.

అప్పుడు గమనించాం, రత్నమ్మ లేదు. వెతుక్కుంటూ ఊళ్లోకి వెళ్తే వీధి కుళాయి దగ్గర ఆడవాళ్ల మధ్య నిలబడి ఉంది. ఇంకా నీళ్లు రాలేదు. బిందెలు వరుసగా పెట్టి ఉన్నాయి. బిందె లేనివాళ్లు రాయి పెట్టారు. అచ్చం మా చౌడేపల్లెలాగే. రత్నమ్మ, నరసమ్మ వెంట వచ్చినట్టుంది, ఆమె బిందె జరుపుతూ మాట్లాడుతోంది.

"ఎన్నాళ్లకొకసారి వస్తాయమ్మా నీళ్లు?"

"ఈ నెలల్లో మూడ్రోజులకోపాలి. ఏప్రిల్ వస్తే అదీ నేదు."

"ఆ పాయ పక్కన నేల ఎవురిది?"

"మా పెదనాన్నోలది. సంద్రం ఎక్కీసినకాడి నుంచి వరి నేదు. నూతిలో నీలు పశువులే తాగవు."

"రెండు వానలకి పోతాదంటాండారే?"

"ఎన్ని వానలు పడ్డాయమ్మా ఇప్పటికి!" అని నరసమ్మ మళ్లీ నవ్వింది. ఈసారి ఆ నవ్వులో సరదా లేదు.

రత్నమ్మ మా వైపు తిరిగింది. నాగరాజును, నన్ను దాటుకుని మొగుడి ఎదురుగా నిలబడింది. "సూడు. నీళ్లు లేని సోట బతికేది నాకొచ్చు. ఇరవై ఏండ్లుగా అదే సేస్తాండాను. నీళ్ల నడిమజ్జన కూసోని నీళ్లు లేకుండా బతికేది మళ్లీ కొత్తగా నేర్చుకోవల్ల. నా చేత కాదు. ఈడికి నేను రాను. ఇంకో మాట. ఊరికి పోయినాక అప్పు తెచ్చి బోరు కూడా వేసేది లేదు. వేస్తానంటే ఇప్పుడే చెప్పు, నువ్వు ఈడే ఉండు."

"టమాటా వేసేది లేకపోతే ఏం సేస్తామే?" అన్నాడు బావ, చాలా చిన్న గొంతుతో.

"వానకి రాగులు వేస్తాము. వాన రాకపోతే ఆవులుండాయి. ఈ పొద్దుకి పా."

ఆయన తల ఊపాడు. నాగరాజు ఏదో చెప్పబోతే, "వద్దులే అప్పా" అన్నాడు. అంతలో కుళాయి బుసబుసమంది, వరుస కదిలింది. నరసమ్మ బిందె నిండాక రత్నమ్మ దాన్ని ఎత్తి ఆమె నడుముకు అందించింది.

తిరుగు ఓడ దొరకడానికి ఇంకా కొన్ని రోజులు పట్టింది, ఆ రోజుల్లో ముగ్గురం సాయంత్రాలు సముద్రపు ఒడ్డున కూర్చున్నాం. నిజం చెప్పాలంటే, అంత అందమైన నీళ్లు నేను ఎక్కడా చూడలేదు. వాటిని చూసి సంతోషించడానికి కూడా ఓపిక కావాలి, అది అప్పుడు మా దగ్గర లేదు. ఎండా కాలం అందమైన కాలమని రాసేవాళ్లను నేను తప్పు పట్టను, వాళ్ల గదిలో కుళాయి తిప్పితే నీళ్లు వచ్చి ఉంటాయి. నా కోపం ఆ కుళాయి వెనక ఎవరి వంతు ఆగిపోయిందో అడగనివాళ్ల మీద. కానీ కోపం కూడా ఒక వయసు తర్వాత అలసిపోతుంది. మా చెల్లెలు ఒక నిర్ణయం తీసుకుంది. దానివల్ల వాళ్ల కష్టం తీరలేదు, కొత్త కష్టం ఒకటి తప్పింది. కుప్పంలో రైలు దిగి పొడిగాలి ముఖానికి తగలగానే, అన్నాళ్లూ తడిగానే ఉన్న చీర కొంగు ఆరుతోందని రత్నమ్మ చెప్పింది. ఆ మాటకు మా బావ, ఎన్నో రోజుల తర్వాత, నవ్వాడు.

వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెళ్లండి, సముద్రం మీద ప్రయాణానికీ ఈతకూ అవే మంచివి. కానీ గది అద్దె అడిగే ముందు, ఆ వీధిలో నీళ్లు ఏ రోజు వస్తాయో అడిగి, వచ్చిన రోజున మీకు కావలసినంతే పట్టుకోండి.